ఆటల డాక్‌లో ఈ వారం: ఫుటీ (ఆస్ట్రేలియా ఫుట్‌బాల్) మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: మేము మెల్‌బోర్న్‌లో, టార్నీట్ వైపు ఉంటామండీ. మా బాబుకి 16. చిన్నప్పట్నుంచి క్రికెట్టే లోకం, ఇప్పుడు ఉన్నట్టుండి స్కూల్ ఫ్రెండ్స్‌తో కలిసి ఫుటీ అంటున్నాడు, ఏఎఫ్‌ఎల్‌కి, అదే ఆ ఆట పెద్ద లీగ్‌కి, వెళ్తా అంటున్నాడు. ఇక్కడి పిల్లలు అయిదారేళ్ళకే మొదలుపెడతారు కదా, నీకు ఆలస్యమైపోయిందిరా అని చెప్పి మాన్పించమంటారా?

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. మీ ఊరి క్లబ్బు మెల్‌బోర్న్ డీమన్స్‌కి ఆడిన జిమ్ స్టైన్స్ సంగతి చెప్తా, బాబుకి కూడా చెప్పండి.

ఈయన 1966లో డబ్లిన్‌లో పుట్టాడు. ఐర్లాండ్ వాళ్ళకి గేలిక్ ఫుట్‌బాల్ అని వేరే ఆట ఉంది, బంతి గుండ్రంగా ఉంటుంది. 1984లో డబ్లిన్ మైనర్ (కుర్రాళ్ళ) టీమ్‌తో ఆల్ ఐర్లాండ్ పోటీ గెలిచాడు, అదే టైములో మెల్‌బోర్న్ క్లబ్బు ఐర్లాండ్ నుంచి పొడుగు కుర్రాళ్ళని తెచ్చుకుందామని చూస్తోంది, అలా 18 ఏళ్ళకి ఆస్ట్రేలియా వచ్చేశాడు. అంటే మీవాడి కంటే రెండేళ్ళు లేటు. ఫుటీలో ఉండే కోల బంతిని కొట్టడం అంత సులువు కాదండీ, నిలువుగా పట్టుకుని మొన కిందకి ఉండేలా వదలాలి, పాదానికి తగిలాక వెనక్కి తిరుగుతూ తిన్నగా పోతుంది, వదిలేటప్పుడు చెయ్యి కాస్త అటూ ఇటూ అయిందా పక్కకి పోతుంది. కింది లీగ్‌లో ప్రాన్ టీమ్‌కి పంపిస్తే అక్కడా ఆడి నేర్చుకున్నాడు. 1987లో పెద్ద టీమ్‌లోకి వచ్చాడు.

ఆ ఏడాదే జరిగింది అసలు దెబ్బ. ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్), హాథార్న్ క్లబ్బు మీద. మెల్‌బోర్న్ 1964 తర్వాత గ్రాండ్ ఫైనల్ మొహం చూడలేదు, అప్పుడు 4 పాయింట్ల ముందుంది, ఆట అయిపోవచ్చింది. హాథార్న్ ఆటగాడు గ్యారీ బకెనారా చేతికి గోల్ కొట్టే కిక్ వచ్చింది కానీ దూరం ఎక్కువ. అంతలో స్టైన్స్ తను కాపలా కాస్తున్న మనిషి వెంట పరిగెడుతూ బకెనారాకీ, కిక్‌కి ఎదురుగా మార్క్ అనే గుర్తు దగ్గర నిలబడ్డ మెల్‌బోర్న్ మనిషికీ మధ్యలోంచి వెళ్ళిపోయాడు. అలా వెళ్ళకూడదు. అంపైర్ 15 మీటర్లు ముందుకి ఇచ్చాడు, సైరన్ మోగాక బకెనారా కొట్టాడు, గోల్, అంటే 6 పాయింట్లు. 2 పాయింట్లతో మెల్‌బోర్న్ ఇంటికి. 21 ఏళ్ళ కుర్రాడి మీద ఊరంతా పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వేరేవాళ్ళయితే డబ్లిన్ ఫ్లైట్ ఎక్కేసి ఉండేవాళ్ళేమో. ఈయన వదల్లేదు, 1987 నుంచి 1998 దాకా ఒక్క మ్యాచ్ కూడా మిస్ కాకుండా వరసగా 244 ఆడాడు, 2025 దాకా అదే రికార్డు, పక్కటెముకలు విరిగినా దిగిన మనిషి, చివరికి చెయ్యి విరిగితే ఆగింది. 1991లో బ్రౌన్‌లో మెడల్ వచ్చింది, అంటే సీజన్ మొత్తానికి అంపైర్లు ఓట్లేసి ఇచ్చే బెస్ట్ ప్లేయర్ అవార్డు. ఆస్ట్రేలియా బయట నుంచి తెచ్చుకున్న ఆటగాడికి అది రావడం అదే మొదటిసారి. మొత్తం 264 మ్యాచ్‌లు, ప్రీమియర్‌షిప్ (లీగ్ టైటిల్) మాత్రం దక్కలేదు, 1988లో గ్రాండ్ ఫైనల్‌కి వెళ్ళి మళ్ళీ హాథార్న్ చేతిలోనే ఓడారు.

నాకు ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది ఆట తర్వాత చేసినవాటికి. 1994లోనే రీచ్ అని టీనేజ్ పిల్లల కోసం సంస్థ పెట్టాడు. 2008లో అప్పుల్లో కూరుకుపోయిన తన క్లబ్బుకి ఛైర్మన్ అయ్యాడు, మర్నాటి ఏడాదే క్యాన్సర్ అని తేలింది, ట్రీట్‌మెంట్ తీసుకుంటూనే క్లబ్బుని అప్పుల్లోంచి బయటికి లాగాడు. 2012లో 45 ఏళ్ళకే పోయాడు, ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు.

మీ బాబు విషయానికొస్తే ముందు దగ్గర్లోని క్లబ్బులో చేర్చండి. మీ వైపు బాగా ఆడే కుర్రాళ్ళని వెస్టర్న్ జెట్స్ అనే కుర్రాళ్ళ టీమ్ చూస్తుంది, డ్రాఫ్ట్‌కి (ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు కొత్తవాళ్ళని ఎంచుకునే పద్ధతి) వెళ్ళేవాళ్ళు చాలామంది అలాంటి టీముల నుంచే వస్తారు. మనలాంటి వలస కుటుంబాల పిల్లల కోసం ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు అకాడమీలు కూడా నడుపుతున్నాయి, కోచ్‌ని అడగండి. దారి ఇరుకే, అది మాత్రం బాబుకి దాచకండి.

ప్రశ్న: ఇది రగ్బీనే కదండీ?

జవాబు: కాదు తమ్ముడూ. బంతి కోలగా ఉంటుంది, అంతవరకే పోలిక. గ్రౌండ్ కూడా కోలగానే ఉంటుంది, చాలాచోట్ల క్రికెట్ గ్రౌండే. జట్టుకి 18 మంది, ఆఫ్‌సైడ్ లేదు, బంతిని విసరకూడదు, పిడికిలితో గుద్ది పాస్ చెయ్యాలి. నాలుగు స్తంభాల్లో మధ్య రెండింట్లోంచి కొడితే 6, మధ్య స్తంభానికీ పక్క స్తంభానికీ నడుమ నుంచి పోతే 1.

ప్రశ్న: మా అబ్బాయి జూనియర్స్‌లో ఆడుతున్నాడు. తలకి దెబ్బలు తగులుతాయంటే భయమేస్తోంది, చదువు ఏమవుతుందో అని ఇంకో భయం.

జవాబు: తల దెబ్బ విషయంలో మీ భయం సబబే. మెల్‌బోర్న్‌కే ఆడిన ఆంగస్ బ్రేషా 28 ఏళ్ళకి, 2024లో, డాక్టర్ల సలహా మీద ఆట మానేశాడు, కంకషన్ల (తల దెబ్బకి మెదడు అదరడం) వల్ల. ఏఎఫ్‌ఎల్‌లో కంకషన్ అయితే కనీసం 12 రోజులు ఆడనివ్వరు, పిల్లలకి ఇంకా ఎక్కువ జాగ్రత్త కావాలి. హెల్మెట్ పెట్టాం కదా అని ధీమా పడకండి, దాంతో కంకషన్ ఆగుతుందని లేదు. దెబ్బ తగిలిన రోజు వాడు బాగానే ఉన్నానన్నా మళ్ళీ గ్రౌండ్‌లోకి దిగనివ్వకండి, డాక్టర్ చూసి సరే అన్నాకే పంపండి. చదువు మాత్రం ఆపించకండి, స్టైన్స్ కూడా ఆడుతూనే టీచర్ డిగ్రీ చేశాడు.