రేసు గెలిచి అప్పు తీరుస్తానంటే కుదరదు

ప్రశ్న: నా వయసు 29. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు రూ.48,000 వస్తుంది. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు రూ.36,000, బండి ఈఎంఐ రూ.4,200. అమ్మ, భార్య, రెండేళ్ల పాప నా మీదే ఆధారపడి ఉన్నారు. బ్యాంకులో రూ.22,000 ఉన్నాయి. ఫిబ్రవరిలో ముంబయిలో జరిగే ఇండియన్ డెర్బీ గుర్రపు రేసుకు స్నేహితులతో కలిసి వెళ్లాలని ఉంది. రేసులు చూడటం ఇదే మొదటిసారి. విమానం, హోటల్, దుస్తులకు రూ.35,000, పందేలకు రూ.25,000 అనుకున్నాను. యాప్‌లో రూ.60,000 వ్యక్తిగత రుణం వెంటనే ఇస్తామంటున్నారు. గెలిస్తే అప్పు ఒకేసారి తీర్చేస్తాను. ఈ రుణం మంచిదా, క్రెడిట్ కార్డు మీద తీసుకోవడం మంచిదా, లేక భార్య గొలుసు కుదువ పెట్టాలా?

జవాబు: మూడూ వద్దు. ఏ అప్పు చవక అని అడిగారు కానీ, అసలు అప్పు చేయవచ్చా అని అడగలేదు. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. పెళ్లి, గోవా, క్రికెట్ ఫైనల్ అంటూ సందర్భం మారుతుంది, పొరపాటు మాత్రం ఒక్కటే. ఇంట్లో అత్యవసర నిధి ఉండదు, ఖర్చు మాత్రం ముందే ఖాయమైపోతుంది. మీ విషయంలో ఇంకొకటి అదనంగా ఉంది. ఇంకా రాని గెలుపును ఆదాయంగా లెక్కేసుకున్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆ లెక్క.

ముందు రుణం సంగతి చూద్దాం. వడ్డీ ఎంతో మీరు రాయలేదు. మీలాంటి జీతానికి యాప్‌ల ద్వారా వచ్చే రుణం 26 శాతానికి దొరికిందనుకుందాం. ఏడాది కాలానికి ఈఎంఐ దాదాపు రూ.5,730 అవుతుంది. ప్రాసెసింగ్ రుసుము 3 శాతం, దానిపై జీఎస్టీ కలిపి రూ.2,124 ముందే కోసుకుంటారు. అంటే చేతికి రూ.57,876 వస్తుంది, తిరిగి కట్టేది రూ.68,780 దాటుతుంది. ఖర్చులన్నీ పోను ఇప్పుడు మీకు నెలకు రూ.7,800 మిగులుతోంది. అందులో రూ.5,730 ఈ అప్పుకే పోతే మిగిలేది రూ.2,070. దానితో ఏడాదంతా ఎలా నెట్టుకొస్తారు? పాపకు నాలుగు రోజులు జ్వరం వస్తే చాలు, ఈ అప్పు మీద ఇంకో అప్పు మొదలవుతుంది. క్రెడిట్ కార్డుపై నగదు తీస్తే తీసిన రోజు నుంచే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. అందుకే దాని గురించి ఇంతకు మించి మాట్లాడను. గొలుసు మీ భార్యది. ఇంటికి నిజంగా కష్టం వచ్చినప్పుడు ఆదుకోవడానికి మిగిలిన ఆఖరి ఆధారం అదే. పందేల కోసం దాని జోలికి వెళ్లకండి.

ఇక ‘గెలిస్తే తీరుస్తా’ అన్న మాట. సరే, గెలిచారనే అనుకుందాం. 2025 సెప్టెంబరు 22 నుంచి రేసు క్లబ్బుల్లో పందెం పూర్తి విలువపై 40 శాతం జీఎస్టీ ఉంది. ఆ పన్నును పందెంపై అదనంగా వసూలు చేస్తే, మీ రూ.25,000లో గుర్రం మీద పడేది దాదాపు రూ.17,857 మాత్రమే. గెలిచిన సొమ్ముపై మళ్లీ ఆదాయపు పన్ను 30 శాతం, సెస్సుతో కలిపి 31.2 శాతం. కొత్త ఆదాయపు పన్ను విధానంలోని రాయితీ వల్ల మీ జీతంపై కట్టాల్సిన పన్ను ఏమీ లేదు. కానీ రేసు గెలుపునకు ఆ రాయితీ వర్తించదు. ఒక గెలుపు రూ.10,000 దాటితే 30 శాతం అక్కడే మినహాయించి ఇస్తారు.

చాలామందికి తెలియనిది దీని తర్వాతి మెలిక. మూడో రేసులో రూ.20,000 గెలిచి, తర్వాతి రేసుల్లో ఆ రూ.20,000 పోగొట్టుకున్నారనుకోండి. ఇంటికి మిగిలింది సున్నా. అయినా గెలిచిన రూ.20,000పై రూ.6,240 పన్ను పడుతుంది. పందేల్లో పోయినదాన్ని గెలిచినదానిలోంచి తీసివేయడానికి చట్టం ఒప్పుకోదు. వచ్చే ఏడాదికి మోసుకెళ్లడానికీ వీల్లేదు. పన్నుకు ముందే టోట్‌లో, అంటే అందరి పందేలూ కలిపే ఉమ్మడి ఖాతాలో, జమయిన మొత్తంలోంచి క్లబ్బు తన వాటా తీసుకొని, మిగిలినదే గెలిచినవారికి పంచుతుంది. ఇన్ని కోతలు దాటుకుని అప్పు తీరేంత సొమ్ము చేతికి రావాలంటే ఎంత గెలవాలో మీరే కాగితం మీద వేసి చూడండి.

గుర్రపు పందేలు నైపుణ్యానికి సంబంధించినవని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది కదా అని మీ స్నేహితులెవరైనా అనవచ్చు. నిజమే, చెప్పింది. గుర్రం వంశం, గత పరుగులు, మోసే బరువు, జాకీ, ట్రాక్ స్థితి ఏళ్ల తరబడి చదివేవారికి ఆ నైపుణ్యం ఉంటుంది. తొలిసారి గేటు దాటే మీకు అది ఎక్కడి నుంచి వస్తుంది? గుర్రపుశాల నుంచి ఖాయమైన కబురు తెచ్చానని చెప్పేవారి మాట నమ్మకండి. ఫోన్‌లో పందెం కట్టించుకుంటాననే వాళ్లు చట్టం బయట ఉన్నవాళ్లు. వాళ్ల దగ్గర మీ డబ్బుకు ఏ రక్షణా లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఇంటి ఖర్చు, బండి ఈఎంఐ కలిపితే నెలకు రూ.40,200. మీ దగ్గరున్నది రూ.22,000. రేపు ఉద్యోగం పోతే పదహారు రోజులు గడుస్తాయి. పదిహేడో రోజు అద్దె ఎవరు కడతారు? పాప పాలు, అమ్మ మందులు ఎక్కడి నుంచి వస్తాయి? ఉద్యోగం పోయిన నెలలో ఏ బ్యాంకూ సులువుగా అప్పివ్వదు. ఇచ్చేవాళ్లు అడిగే వడ్డీ మీరు భరించలేరు. మీ వయసులో ఉన్నవారు మంచి జీతాలున్నప్పుడు అత్యవసర నిధిని పట్టించుకోకుండా, తర్వాత రెండు మూడేళ్లు అప్పులు తీర్చడంలోనే గడిపేయడం నేను చూస్తూనే ఉన్నాను. మీకు కనీసం మూడు నెలల ఖర్చు, అంటే రూ.1,20,600 ఉండాలి. ఆ తర్వాత నెమ్మదిగా ఆరు నెలలకు పెంచండి. ఆ డబ్బు జీతం పడే ఖాతాలో వద్దు. వేరే బ్యాంకులో పొదుపు ఖాతా తెరిచి, దానికి యూపీఐ, డెబిట్ కార్డు లేకుండా చూసుకోండి. కొంత పోగయ్యాక స్వీప్ డిపాజిట్‌కు (ఖాతాలో మిగులు దానంతటదే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా మారే ఏర్పాటు) మార్చండి. షేర్లు, ఫండ్లు తర్వాత ఆలోచిద్దాం. చీటీ పాడి తెచ్చుకునే డబ్బు దీనికి లెక్కలోకి రాదు.

బీమా గురించి ఒక్క మాట. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది. సొంతంగా కుటుంబ పాలసీ, మీ పేరున టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి సొమ్మిచ్చే జీవిత బీమా) తీసుకోండి. పందేలపై పన్ను 40 శాతమైన 2025 సెప్టెంబరు 22 నుంచే వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ పూర్తిగా ఎత్తేశారు.

డెర్బీ చూడొద్దని నేను అనను. 1943లో మొదలైన రేసు అది. మహాలక్ష్మి మైదానంలో నాలుగేళ్ల గుర్రాలు 2,400 మీటర్లు పరుగెత్తుతాయి. సుమారు రెండున్నర నిమిషాల్లో తేలిపోతుంది. దాన్ని కళ్లారా చూడాలన్న కోరిక మంచిదే. దానికి రూ.60,000 మాత్రం అక్కర్లేదు.

ముందు మన మలక్‌పేటకు వెళ్లండి. మౌలాలిలో జరిగే రేసులు ఆరో నిజాం కాలంలో, 1886లో అక్కడికి మారాయి. మెట్రో రెడ్ లైన్‌లో మలక్‌పేట స్టేషన్ ఉంది. అక్కడ దిగి, మామూలు ఎన్‌క్లోజర్ టికెట్ తీసుకోండి. ఆ రోజు పరుగెత్తే గుర్రాల వివరాలుండే రేసు పుస్తకం ఒకటి కొనుక్కోండి. మొదటి రేసుకు ముందు ప్యాడక్ కంచె దగ్గర నిలబడండి. సైసులు (గుర్రాల సంరక్షకులు) గుర్రాలను కళ్లేలు పట్టుకుని చుట్టూ నడిపిస్తుంటారు, జాకీలు అక్కడే ఎక్కుతారు. ఏ గుర్రం నిదానంగా నడుస్తోంది, ఏది మెడ మీద చెమట కక్కుతూ బెదురుతోంది అన్నది చూడండి. ఒక్కో రేసుకూ మీకు నచ్చిన గుర్రాన్ని పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, పందెం మాత్రం కాయకండి. సాయంత్రం వాటిలో ఎన్ని గెలిచాయో లెక్క చూస్తే, మీ నైపుణ్యం ఎంతో డబ్బు పోకుండానే తెలిసిపోతుంది.

ముంబయి ప్రయాణాన్ని ఆపై ఏడాది ఫిబ్రవరికి మార్చుకోండి. డెర్బీ సాధారణంగా ఫిబ్రవరి తొలి ఆదివారం ఉంటుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు కాబట్టి డిసెంబరు మొదట్లోనే టికెట్ తీసుకోవాలి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో థర్డ్ ఏసీకి రానుపోను రూ.3,000 లోపే అవుతుంది. లోకల్ రైల్లో మహాలక్ష్మి స్టేషన్‌లో దిగితే రేస్‌కోర్సు పక్కనే ఉంటుంది. గదిని స్నేహితులతో పంచుకుంటే తిండి, టికెట్లతో కలిపి రూ.12,000లో సులువుగా తిరిగి రావచ్చు. కొత్త సూటు అక్కర్లేదు. పెళ్లికి కుట్టించుకున్న చొక్కా, ప్యాంటు, పాలిష్ చేసిన బూట్లు చాలు. పందెం కాసే సరదా తప్పదంటే రూ.1,000 నగదు ఆ పన్నెండు వేలలోంచే తీసి విడిగా పెట్టుకోండి. ఇంట్లోంచి కదిలే ముందే అది ఖర్చయిపోయినట్టు రాసుకోండి. లైసెన్సున్న కౌంటర్‌లోనే కట్టండి. అది అయిపోయాక ఫోన్‌లోంచి మరో రూపాయి తీయకండి.

దీనికి మీ జీతం సరిపోతుంది. మిగిలే రూ.7,800లో నెలకు రూ.6,500 అత్యవసర నిధికి, రూ.1,000 రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. ఏడాదికి ఇప్పుడున్న రూ.22,000తో కలిపి నిధి లక్ష రూపాయలవుతుంది, ప్రయాణానికి రూ.12,000 సిద్ధంగా ఉంటాయి. మరో మూడు నాలుగు నెలలకు మూడు నెలల నిధి పూర్తవుతుంది. మధ్యలో జీతం పెరిగితే ఆ పెరిగినదంతా నిధికే.

మీ స్నేహితులు ఈపాటికి హోటల్ చూస్తుంటారు. మీ వాటాకు అడ్వాన్సు కట్టకముందే, ఈసారి రావడం లేదని వాళ్లకు ఈ వారమే చెప్పేయండి. ఆ రుణం యాప్‌లో జీతం వివరాలు ఇచ్చి ఉంటే, డబ్బు ఖాతాలో పడకముందే దరఖాస్తు రద్దు చేయండి.