పాత మిల్లు మేడని ఆఫీసు చేస్తున్నారా? ముందు కప్పు చూడండి

పర్లాకిమిడిలో పాత రైస్ మిల్లు పై అంతస్తు అద్దెకు దొరికింది, నాలుగు చిన్న కంపెనీలు కలిసి కూర్చునే ఆఫీసు చెయ్యాలి, మొదటి ఖర్చు దేనిమీద పెట్టాలి అని అడిగారు కదా. నేను బరంపురంలో అలాంటిదే చేశాను, మూడేళ్లయింది. అద్దాల గదులకీ రంగులకీ ఆత్రపడి చేతులు కాల్చుకున్నాను కాబట్టి చెప్తున్నా, ముందు కప్పు.

మాది ఆస్‌బెస్టాస్ రేకు. ఏప్రిల్ మధ్యాహ్నం లోపల కూర్చుంటే పొయ్యి పక్కన కూర్చున్నట్టే. రెండు ఏసీలు పెట్టాను. బిల్లు వచ్చింది గానీ చల్లదనం రాలేదు. చివరికి రేకులు దించి 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్ (రెండు రేకుల మధ్య వేడిని ఆపే నురుగు నింపింది) వేయించాక అవే ఏసీలు సరిపోయాయి. పాత రేకుల్ని పగలగొట్టనివ్వకండి, కోయనివ్వకండి. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. నీళ్లు చల్లి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించాలి. మా మేస్త్రి నవ్వాడు, అయినా అందరికీ మాస్కులు పెట్టించాను. కొత్త కప్పు బిగింపులో మాత్రం పిసినారితనం వద్దు. 2013లో ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది, 2018 తిత్లీ తుఫాను మీ గజపతి జిల్లాని ఏం చేసిందో మీకే బాగా తెలుసు. గాలి ముందు లేపేది అంచుల్నీ మూలల్నీ. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా వేయించండి.

తర్వాత నేల. బస్తాలు మోసింది మనుషుల్ని మోయదా అనుకున్నాను. ఆఫీసుకి చదరపు మీటరుకు సుమారు 250 కిలోలు లెక్క, బస్తాల బరువు అంతకన్నా ఎక్కువే. కానీ వడ్రంగి దూలాల్ని సుత్తితో కొట్టుకుంటూ వెళ్తే, గోడలోకి దిగేచోట ఒకటి డొల్లగా మోగింది. ఉలి పెడితే లోపలంతా చెద. అలాంటివి నాలుగు తేలాయి, ఇనుప చానెళ్లు వేయించాం. అడ్వాన్సు ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించండి.

కరెంటు మీటరు పరిశ్రమ కేటగిరీలో ఉంటే మార్పించుకోండి. మెట్ల దారి ఒక్కటే ఉంటే, మంటలొస్తే దిగడానికి బయటినుంచి ఇంకోటి కట్టించండి.

గోల సంగతి ఎవరూ చెప్పరు. అంత ఎత్తు కప్పు కింద ఒకరు ఫోన్లో మాట్లాడితే అందరూ వినాల్సిందే. గోడలకి శబ్దాన్ని పీల్చే రాక్‌వూల్ (రాతి నార) పెట్టి, మంట అంటుకోని మందు పట్టించిన గోనెపట్టా కప్పించాం. అద్దాల గది కన్నా చవక, మిల్లుకి నప్పింది కూడా.

ఇంకోటి, ఫ్యాన్లు బిగించేముందు కప్పుని మోసే ఇనుప ట్రస్సుల మీది తవుడు దుమ్ము దులిపించండి. మేం దులపలేదు. మొదటిరోజు స్విచ్ వేయగానే అన్ని ల్యాప్‌టాప్‌ల మీదా రాలింది.