రూటర్‌ను ఊరి బయటి నుంచి సరిచేయవచ్చా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా అబ్బాయి, నెట్ మొరాయించినప్పుడల్లా అక్కడి నుంచే చూసుకుంటానని, రూటర్‌లో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ ఆన్ చేయమంటున్నాడు. చేయమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: వద్దండీ. మీ అబ్బాయి ఆలోచన మంచిదే. కానీ అది ఆన్ చేస్తే మీ రూటర్ లాగిన్ పేజీ అతనితో పాటు ఊరూ పేరూ తెలియని వాళ్లందరికీ తెరుచుకుంటుంది. అలాంటి రూటర్ల కోసం గాలించే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము, కంపెనీలు ముందే పెట్టి అమ్మిన 60కి పైగా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలను ఒక్కొక్కటిగా ప్రయత్నించి లక్షల రూటర్లను, కెమెరాలను లొంగదీసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటి సాయంతో, వెబ్‌సైట్ల పేర్లను బట్టి వాటి నెట్ చిరునామాలు చూపించే డైన్ అనే సంస్థపై దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో చాలామందికి గంటల తరబడి అందలేదు.

పైగా ఆన్ చేసినా ఉపయోగం లేకపోవచ్చు. రూటర్ స్టేటస్ పేజీలో (తెరిచే తీరు కింద ఉంది) ‘వ్యాన్ ఐపీ’, అంటే కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన నెట్ చిరునామా చూడండి. అది 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే, కంపెనీ ఒకే చిరునామాను ఎన్నో ఇళ్లకు కలిపి వాడుతోందన్నమాట. అప్పుడు బయటి నుంచి మీ రూటర్‌ను నేరుగా చేరడం కుదరదు.

ఇంతకంటే ముఖ్యమైన పని ఒకటుంది. నల్గొండలో మా చిన్నమ్మ వాళ్లు పక్కింటి పిల్లలు వాడుతున్నారని వైఫై పాస్‌వర్డ్ మూడుసార్లు మార్చారు. అయినా వాడకం ఆగలేదు. నేను రూటర్‌ను తిరగేసి, అడుగున స్టిక్కర్ మీద ఉన్న 192.168.1.1 అనే చిరునామాను ఫోను బ్రౌజర్‌లో కొట్టి, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ రెండింటికీ ‘అడ్మిన్’ అనే ఇచ్చాను. పేజీ తెరుచుకుంది! వైఫై పాస్‌వర్డ్ వేరు, రూటర్ పాస్‌వర్డ్ వేరు. రెండోది మార్చకపోతే, ఒక్కసారి మీ వైఫైలోకి వచ్చినవారెవరైనా రూటర్‌లోకి వెళ్లి వాళ్లకు కావలసినట్టు మార్చుకోగలరు. మీరు ముందు అది మార్చండి. డబ్ల్యూపీఎస్ (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే బటన్‌తోనో పిన్ నంబరుతోనో కలిపే సౌకర్యం) ఆన్‌లో ఉంటే ఆపేయండి. టీఆర్‌-069 అని కనిపిస్తే మాత్రం ముట్టుకోకండి. కనెక్షన్ ఇచ్చిన కంపెనీ రూటర్‌ను సరిచేసేది దాని ద్వారానే.

ఇక మీ అబ్బాయి సాయమంటారా, వాట్సాప్ వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసి రూటర్ పేజీ తెరిస్తే ఎక్కడ ఏది నొక్కాలో అతను చూసి చెబుతాడు. నెట్ పూర్తిగా పోయినా మొబైల్ డేటాతో కాల్ చేసి, రూటర్ మీద వెలిగే దీపాలు చూపించవచ్చు. ఎర్ర దీపం వెలుగుతుంటే చాలాసార్లు లోపం తీగలోనే ఉంటుంది, సెట్టింగులతో పోదు.

కొత్త పాస్‌వర్డ్ డైరీలో రాసి పెట్టుకోండి. మరచిపోయి రీసెట్ రంధ్రంలో పిన్ను గుచ్చితే కంపెనీ పెట్టిన కనెక్షన్ వివరాలు కూడా చెరిగిపోవచ్చు. అప్పుడు వాళ్ల మనిషి వచ్చేదాకా నెట్ ఉండదు.