ఎంఏ ఇంగ్లిష్‌కి ఏ క్యాంపస్? దరఖాస్తుకు ముందే వెళ్లి చూసి రండి

ప్రశ్న: మాది జగిత్యాల దగ్గర పల్లె. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు బీఏ ఆఖరి సంవత్సరం. హైదరాబాద్‌లో ఎంఏ ఇంగ్లిష్ చేయాలనుంది. సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), ఉస్మానియాల్లో క్యాంపస్ వాతావరణం ఎక్కడ బాగుంటుంది? ఇంగ్లిష్‌లో గడగడా మాట్లాడేవాళ్ల మధ్య ఇమడగలనా అని భయం. క్యాంపస్‌లో గొడవలుంటాయని నాన్న వెనకాడుతున్నారు.

జవాబు: మూడూ ఒకే ఊళ్లో ఉన్నా, అక్కడ రోజు గడిచే తీరు వేరువేరు. క్లాసులయ్యాక సాయంత్రం క్యాంపస్‌లో ఎవరు మిగులుతారు, దేని గురించి మాట్లాడుకుంటారు అన్నది చూడండి. మీ రెండేళ్లు ఎలా గడుస్తాయో అక్కడే తెలుస్తుంది.

1974లో ఏర్పడిన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో స్థానిక కోటా లేదు. ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయ స్థాయి ఉమ్మడి ప్రవేశ పరీక్ష ద్వారా. కేరళ, బెంగాల్, ఒడిశా, ఈశాన్య రాష్ట్రాల పిల్లలు మీ పక్కనే కూర్చుంటారు. చాలామంది హాస్టళ్లలోనే ఉంటారు కనుక క్లాసులో మొదలైన వాదన క్యాంపస్‌లోని దుకాణాల సముదాయం షాప్‌కామ్ దగ్గర టీ తాగుతూ కూడా సాగుతుంది. తోటివాళ్ల భాషలు వేరైనప్పుడు మాట్లాడక తప్పదు, అలా ఇంగ్లిష్ నోట్లో నానుతుంది. మొదటి సెమిస్టర్ మాత్రం కష్టంగానే ఉంటుంది. సెమినార్‌లో నిలబడి పేపర్ చదవాలి, అడిగినదానికి అక్కడికక్కడే జవాబివ్వాలి. తెలుగు మీడియం నుంచి వచ్చి ఆ సెమిస్టర్ దాటిన సీనియర్లను వెతికి పట్టుకుని మాట్లాడండి. ఎవరి సాయంతో ఒడ్డున పడ్డారో వాళ్లే చెబుతారు.

ఇఫ్లూ చిన్న క్యాంపస్, ఉస్మానియాను ఆనుకునే ఉంటుంది. 1958లో ఇంగ్లిష్ బోధనా సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, రష్యన్, అరబిక్ నేర్చుకునేవాళ్లు చుట్టూ ఉంటారు. అనువాదం, భాషా బోధన మీద మనసుంటే అది మంచి చోటు.

ఉస్మానియా 1918 నాటిది. అక్కడ తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. మీ యాసకు, మీ ఇబ్బందికి వివరణ ఇచ్చుకోవాల్సిన అవసరం ఉండదు. లైబ్రరీలో గ్రూప్స్‌కి, లెక్చరర్ అర్హత పరీక్షలైన నెట్‌కి, సెట్‌కి చదివేవాళ్లు కనిపిస్తారు. లెక్చరర్ ఉద్యోగమే లక్ష్యమైతే ఆ సావాసం విలువైనది. కానీ ఇంగ్లిష్ మాట్లాడే అలవాటు అక్కడ మీరే పూనుకుని చేసుకోవాలి.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది గమనించరు. తెలంగాణ రాష్ట్ర యూనివర్సిటీల పీజీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ‘ఉస్మానియా సీటు’ అంటే క్యాంపస్‌లోని ఆర్ట్స్ కాలేజీయే అనుకోకండి. యూనివర్సిటీ పరిధిలోని మరో కాలేజీలో రావచ్చు, అక్కడి వాతావరణం వేరు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు, అది ఉన్న చోటు, హాస్టల్ ఉందో లేదో చూసుకోండి.

ఇక నాన్నగారి భయం. ఉస్మానియా 1969లో, 2009లో తెలంగాణ ఉద్యమానికి గుండెకాయ. సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘ ఎన్నికలు జరుగుతాయి, ధర్నాలూ ఉంటాయి. ఇవి లేవని నేను చెప్పను. ఏ జెండా పట్టకుండా చదువుకుని వెళ్లేవాళ్లు కూడా అక్కడ చాలామంది ఉన్నారు. పిల్లలు ప్రశ్న అడగగలిగే చోటు సాహిత్యం చదివేవాళ్లకు మేలు చేస్తుందని నా గట్టి నమ్మకం. నాన్నగారు అంతకన్నా ముఖ్యంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి: సీటు వచ్చినవాళ్లందరికీ హాస్టల్ దొరుకుతుందా, ఎన్నాళ్లకు దొరుకుతుంది, రాత్రి లైబ్రరీ నుంచి హాస్టల్‌కి ఎలా చేరాలి, ఫిర్యాదు చేస్తే పట్టించుకునేదెవరు. హాస్టల్ దొరక్కపోతే సెంట్రల్ యూనివర్సిటీ ఉన్న గచ్చిబౌలిలో ప్రైవేటు హాస్టళ్లు భారమే. చుట్టూ ఐటీ ఉద్యోగులున్న ప్రాంతం అది.

ఆయన్ను కూడా వెంటబెట్టుకుని రండి. ఆదివారమో, ఫెస్ట్ రోజో వద్దు, క్లాసులు జరిగే మామూలు రోజు రండి. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)లో దిగితే తార్నాక దగ్గరే కాబట్టి ఉస్మానియా, ఇఫ్లూ ఒక్క పూటలో చూడొచ్చు. గచ్చిబౌలి ఊరికి అటు చివర, దానికి ఇంకో రోజు కేటాయించండి. గేటు దగ్గర ఆపితే ఇబ్బంది పడకుండా తెలిసిన సీనియర్‌కి ముందే ఫోన్ చేసి, ఆధార్ దగ్గర పెట్టుకోండి. మీ డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు చదవండి. ఉపన్యాసాల, సెమినార్ల కాగితాలు కొత్తవైతే అక్కడ పని జరుగుతోందన్నమాట. క్యాంటీన్‌లో ఒంటరిగా కాసేపు కూర్చోండి. ఎవరినైనా దారి అడిగి, ఎలా జవాబిస్తారో చూడండి. చీకటి పడేదాకా ఉండండి.

హాస్టల్ దొరికే పక్షంలో మీకు నా మొదటి ఓటు సెంట్రల్ యూనివర్సిటీకే. మీ భయం పోవాలంటే మీరు భయపడుతున్న వాళ్ల మధ్యే ఉండాలి. కానీ చూసొచ్చాక మీ మనసు ఉస్మానియా వైపు మొగ్గితే నిస్సంకోచంగా అక్కడే చేరండి. సీయూఈటీ పీజీ దరఖాస్తులు సాధారణంగా చలికాలంలోనే ముగుస్తాయి, సీపీగెట్ వేసవిలో గానీ రాదు. ఇఫ్లూ నోటిఫికేషన్ దాని వెబ్‌సైట్‌లోనే చూడాలి. అందుకని ఐదో సెమిస్టర్ అయ్యేలోపే ఈ ప్రయాణం పెట్టుకోండి.