పరగడుపు షుగర్‌కి పప్పు, చేపలు మానాలా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, బరువు 72 కిలోలు. రాత్రి రెండు పుల్కాలే తిన్నా పొద్దున పరగడుపున షుగర్ 160 దాటుతోంది. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు. లివర్‌లో ప్రొటీన్ తయారీ అదుపులో ఉంటే ఇన్సులిన్ బాగా పనిచేస్తుందని ఎక్కడో చదివి పప్పు, గుడ్డు, చేపలు అన్నీ మానేసింది. ఇది మంచిదేనా డాక్టరుగారూ?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ఇవాళే మళ్లీ పప్పు, గుడ్డు పెట్టండమ్మా. ఆమె చదివినదాంట్లో నిజం లేకపోలేదు. కానీ అది లివర్ కణం లోపల తయారయ్యే ప్రొటీన్ల సంగతి, కంచంలో ప్రొటీన్ సంగతి కాదు.

రాత్రి మనం నిద్రపోతున్నా లివర్ గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. ‘ఇక చాలు’ అని దాన్ని ఆపాల్సింది ఇన్సులిన్. ఆ మాట లివర్ వినకపోతే పుల్కాలు తిన్నా 160 వస్తుంది. అదే లివర్ కొవ్వు తయారుచేయడం మాత్రం మానదు. అందుకే పరగడుపు షుగర్, ఫ్యాటీ లివర్ ఈ రెండూ తరచు జంటగా కనిపిస్తాయి.

ఇన్సులిన్ కబురును కణం లోపలికి అందించేది ఐఆర్‌ఎస్ అనే ప్రొటీన్. తిండి అందగానే ఎంటార్ అనే ఎంజైమ్ చురుకై ప్రొటీన్ల తయారీని పెంచుతుంది. దాని కింద పనిచేసే ఎస్‌6 కైనేజ్ అనే ఇంకో ఎంజైమ్ వెనక్కి వచ్చి ఐఆర్‌ఎస్‌కే అడ్డుపడుతుంది. రోజూ మోతాదు మించి తినేవాళ్లలో ఈ అడ్డు తొలగదు. ఎస్‌6 కైనేజ్-1 లేని ఎలుకలకు కొవ్వు మేత పెట్టినా ఇన్సులిన్ బాగానే పనిచేసిందని 2004లో తేలింది.

రెండో అదుపు ఇంకోలా ఉంటుంది. కణంలో ప్రొటీన్లు మడతపడే చోట పని పేరుకుపోతే, ప్రొటీన్ల తయారీని మొదలుపెట్టించే ఈఐఎఫ్2 ఆల్ఫా అనేదానికి ఒక ఫాస్ఫేట్ తగులుకుని కొత్త ప్రొటీన్ల తయారీ చాలావరకు ఆగుతుంది. కోతల సీజన్లో మిల్లు నిండితే ధాన్యం లారీలను గేటు బయటే ఆపేస్తారు చూడండి, అలాగ. కాసేపు ఆగితే కణానికి మేలే. కానీ 2008లో ఎలుకల లివర్‌లో ఆ ఫాస్ఫేట్ ఊడిపోయేలా చేస్తే, కొవ్వు మేత తిన్నా లివర్‌లో కొవ్వు తక్కువ చేరింది, గ్లూకోజ్ అదుపు మెరుగైంది. అంటే ఒకచోట తయారీని పెంచేదాన్ని తీసేస్తే మేలు, ఇంకోచోట ఆపేదాన్ని సడలిస్తే మేలు! పైగా రెండూ ఎలుకల్లో చూసినవే. వీటిని చూసి మనిషి కంచంలో పప్పు తీసేయడం ఏ లెక్కనా కుదరదు.

నా బాధ వేరే ఉంది. మా నెల్లూరు ఓపీలో చూస్తుంటాను, పప్పూ చేపా మానేసినవాళ్లు ఆ ఖాళీని ఇంకో గరిటెడు అన్నంతో, సాయంత్రం ఒక మలైకాజాతో నింపేస్తారు. చేపల పులుసు తినమనండి. పులుసు బాగుందని రెండోసారి అన్నం కలుపుకోవద్దు, అంతే. అయిదు కిలోలు తగ్గినా లివర్‌లో కొవ్వు బాగా కరుగుతుంది. రాత్రి భోజనమయ్యాక కాసేపు నడిపించండి. మెట్‌ఫార్మిన్ వాడుతుంటే సొంతంగా ఆపొద్దు, అది ముఖ్యంగా లివర్ వదిలే గ్లూకోజ్‌నే తగ్గిస్తుంది.

కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మాత్రం ప్రొటీన్ ఎంత తినాలో లెక్క ఉంటుంది. అందుకని క్రియాటినిన్, యూరిన్ అల్బుమిన్ పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులు మీ డాక్టరుకు చూపించండి.