ప్రీస్కూల్ వీడియోల సంస్థ వాలంటీర్ లీడ్‌గా రమ్మంటోంది: నిజంగా చేయాల్సిన పని ఏమిటి?

మీరు అడిగింది ఇదీ: అమెరికాలో మీ ఊళ్ళో నల్లజాతి, లాటినో, నేటివ్ (అమెరికా మూలవాసులు), ఆసియా కుటుంబాల 3–5 ఏళ్ళ పిల్లల కోసం వీడియోలు, చిన్న పుస్తకాలు చేసే ఒక నాన్‌ప్రాఫిట్ మిమ్మల్ని వాలంటీర్ లీడ్‌గా రమ్మంది. విరాళాలు పోగేయడం, లైబ్రరీలో స్టోరీటైమ్‌కి కుర్చీలు వేయడం తప్ప ఇంకేముంటుందని మీ సందేహం.

చాలా ఉంటుందండీ. అయితే ఒప్పుకునే ముందు ఒక్క మాట అడగండి: స్క్రిప్టు, స్టోరీబోర్డు (కథని షాటు షాటుగా గీసుకునే చిత్తు బొమ్మలు) మాకు ఎప్పుడు చూపిస్తారు? వీడియో పూర్తయ్యాక అంటే మీ మాట అందులోకి ఎక్కే దారే లేదు. స్టోరీబోర్డు దశలో ఒక పాత్ర జడ మార్చాలంటే గీతలు చెరిపి మళ్ళీ గీస్తే సరిపోతుంది. యానిమేషన్ అయ్యాక అదే జడ కోసం ఆ పాత్ర ఉన్న ప్రతి షాటూ మళ్ళీ చేయాలి. డైలాగు మార్చాలంటే గొంతు ఇచ్చిన పిల్లని మళ్ళీ రికార్డింగుకి పిలవాలి. బడ్జెట్ లేదంటారు, నిజంగానే ఉండదు. అందుకని స్క్రిప్టుకి ఒక వారం, స్టోరీబోర్డుకి ఒక వారం గడువు ఇస్తామని ముందే ఈమెయిల్లో రాయించుకోండి.

స్క్రిప్టు చేతికి రాగానే "బాగుందా లేదా" అని చదవకండి, లెక్క వేయండి. ఒక్కో పాత్రకి ఒక్కో వరుస. పేరుందా, ఎన్ని డైలాగులు, చిక్కు ఎవరికి వచ్చింది, ఉపాయం ఎవరికి తట్టింది, సాయం చేసిందెవరు, చేయించుకుందెవరు. పోస్టర్ మీద ఐదు రంగుల పిల్లలు నవ్వుతుంటారు, లెక్క తీస్తే ఉపాయాలన్నీ తెల్ల పిల్లాడివే, మిగతా నలుగురికీ "వావ్, భలే!" లాంటి రెండేసి డైలాగులు. ఇది మామూలుగా చదివితే కంటికి ఆనదు, పట్టిక వేస్తే వెంటనే తేలుతుంది. ఇంకో వరుస కూడా కలపండి: రాసిందెవరు, గీసిందెవరు. విస్కాన్సిన్-మాడిసన్ విశ్వవిద్యాలయంలోని కోఆపరేటివ్ చిల్డ్రన్స్ బుక్ సెంటర్ 1985లో లెక్క మొదలుపెట్టినప్పుడు, ఆ ఏడాది అమెరికాలో వచ్చిన సుమారు 2,500 పిల్లల పుస్తకాల్లో నల్లజాతి రచయితలో చిత్రకారులో చేసినవి 18 మాత్రమే. ఒక జాతివాళ్ళ గురించి ఉన్న పుస్తకాలనూ, ఆ జాతివాళ్ళే చేసిన పుస్తకాలనూ ఆ సెంటరు విడివిడిగా లెక్కిస్తుంది. మీరూ అలాగే విడదీయండి.

ఎప్పుడు కనిపిస్తున్నారన్నదీ చూడండి. మన పిల్ల దీపావళి ఎపిసోడ్‌లో, నల్లజాతి పిల్లాడు ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ మంత్‌కి మాత్రమే వస్తే చాలదు. మూడేళ్ళ పిల్లకి పళ్ళు తోముకోవడం, వానలో తడవడం, చెప్పు ఒకటి దొరక్కపోవడం, ఇవే లోకం. అక్కడ కనిపించాలి.

మన ఇళ్ళ విషయానికొస్తే పాత్రని ముక్కలు ముక్కలుగా అతికిస్తారు. పాప పేరు లాస్య, అమ్మమ్మని "నాని" అంటుంది, లంచ్‌బాక్స్‌లో నాన్, పండక్కి గర్బా. మన ఇళ్ళలో నాని అంటే ఏ చిన్న పిల్లాడి ముద్దుపేరో! గీసేవాళ్ళకి భారతదేశమంతా ఒకటే ఇల్లు. ఇది పట్టుకోవడం మీకు తేలిక. కానీ అదే పొరపాటు డామినికన్ కుటుంబం మీదో, నవాహో అనే నేటివ్ తెగ కుటుంబం మీదో జరిగితే మీకు తెలియదు. స్క్రిప్టు చదివే వాలంటీర్ల కమిటీలో ఆరుగురూ ఒకే తెలుగు సంఘం నుంచి వచ్చినవాళ్ళైతే ఇదే జరుగుతుంది. ఏ కుటుంబం గురించి కథో ఆ కుటుంబంవాళ్ళని చదవమనండి, వాళ్ళ సమయానికి డబ్బివ్వమని సంస్థని అడగండి. నేటివ్ కథల విషయంలో ఆ తెగ అనుమతి తప్పనిసరి. చాలా తెగల్లో కొన్ని కథలు చలికాలంలోనే చెప్పుకుంటారు, జూన్‌లో స్టోరీటైమ్‌కి పెట్టకూడదు.

అన్నిటికన్నా కష్టమైన అభ్యంతరం మనవాళ్ళ నుంచే వస్తుంది. "పాపని మరీ నల్లగా వేశారండీ, కాస్త తెలుపు చేయండి." ఎంతో ప్రేమగా అంటారు, అయినా ఒప్పుకోవద్దు. 1940లలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 3 నుంచి 7 ఏళ్ళ నల్లజాతి పిల్లల ముందు రంగు తప్ప అన్నీ ఒకేలా ఉన్న బొమ్మలు పెట్టి మంచి బొమ్మ ఏదని అడిగితే ఎక్కువమంది తెల్ల బొమ్మనే చూపించారు. అంత చిన్న వయసుకే రంగు మీద అభిప్రాయం ఏర్పడుతుంది. బొమ్మలో పాపని తెల్లబరిస్తే చామనఛాయ పిల్లలకి మనమే అదే పాఠం చెప్పినట్టు. రంగుల నమూనా ఖరారయ్యాక ఇక మారదని మొదటి మీటింగులోనే చెప్పేయండి.

ఆ నమూనా ఎలా ఉండాలంటే, ఒక్కో పాత్రకి మూడు రంగులు: అసలు చర్మం, నీడ, వెలుగు. అసలు రంగులో నలుపు కలిపి నీడ చేస్తే ముఖం బూడిదరంగు తిరుగుతుంది. ముదురు ఎరుపో ఊదానో కలిపితే ప్రాణం ఉంటుంది. తర్వాత బొమ్మని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. కనుబొమలు, పెదాలు, జుట్టు అంచు ముఖం నుంచి విడిగా కనబడకపోతే ఫెయిలైనట్టే. ముదురు చర్మం పిల్లాణ్ణి ముదురు నీలం రాత్రి ఆకాశం ముందు నిలబెడితే చౌక టాబ్లెట్‌లో కళ్ళూ పళ్ళే మిగులుతాయి. స్క్రీన్ మీద బాగున్న గోధుమరంగు అచ్చులో మురికిగా దిగుతుంది కాబట్టి, మొత్తం కాపీలకు ముందు ఒక ప్రూఫ్ కాగితం మీద చూడాలి.

నిజం పిల్లల్ని షూట్ చేస్తుంటే తెల్లగోడ ముందు కూర్చోబెట్టకండి. కెమెరా గోడని చూసి వెలుతురు తగ్గించేస్తుంది, ముఖాలు నల్లబడతాయి. ఫోన్‌లో ముఖం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేయండి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి, రెండోవైపు తెల్ల ఫోమ్ బోర్డు పెట్టాలి. అందరూ కలిసి కూర్చుంటే ముదురు ఛాయ పిల్లలు కిటికీ దగ్గర, లేతఛాయవాళ్ళు దూరంగా.

వీడియోని పిల్లలకి చూపించి పరీక్షించడం పూర్తిగా మీ చేతిలో పని. నలుగురైదుగురు చాలు, పది నిమిషాలు మించకూడదు, తల్లిదండ్రుల సంతకం ఉండాలి, గదిలో పెద్దవాళ్ళు ఎప్పుడూ ఇద్దరుండాలి, పిల్లల్ని వీడియో తీయకూడదు. "నచ్చిందా?" అని అడగడం దండగ, అందరూ ఊఁ అంటారు. టీవీలో మన వీడియో నడుస్తుంటే, పక్కన ఒక లాప్‌టాప్‌లో కొన్ని సెకన్లకోసారి మారే ఫొటోలు పెట్టండి. పది సెకన్లకోసారి పిల్ల కళ్ళు ఎటున్నాయో ఒకరు టిక్ పెట్టుకుంటూ పోవాలి. 1969లో సెసమీ స్ట్రీట్ అనే పిల్లల టీవీ కార్యక్రమం ప్రసారానికి ముందు ఎడ్వర్డ్ పామర్ బృందం వాడిన పద్ధతి ఇదే. కళ్ళు ఎక్కడ తప్పుకున్నాయో అక్కడ కథ సాగదీసినట్టు. అయిపోయాక "ఇందులో నువ్వెవరు?" అని అడగండి. ఏదైనా ఒక పాత్రని ఎవరూ ఎంచుకోవడం లేదంటే ఆ పాత్రకి చేయడానికి పనేమీ లేదన్నమాట.

వీడియో ఒక్కటే చేసి ఆగిపోవద్దు. 2–5 ఏళ్ళవాళ్ళకి రోజుకి గంటకు మించి స్క్రీన్ వద్దనీ, 18 నెలలలోపు పిల్లలకి వీడియో కాల్ తప్ప ఏదీ వద్దనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2016లో చెప్పింది. లెటర్ సైజు కాగితం ఒకటి మూడుసార్లు మడిచి, విప్పి, మధ్య మడత మీద సగం పొడవు కత్తిరిస్తే 8 పేజీల పుస్తకం అవుతుంది. ఏ లైబ్రరీ ప్రింటరైనా చాలు. అందులో బొమ్మలకి గీతలే వేసి చర్మం ఖాళీగా వదిలేస్తే తెల్ల పిల్లలుగానే కనిపిస్తారు, కాబట్టి దానితోపాటు చర్మపు రంగుల క్రేయాన్లు ఇవ్వాలి. క్రేయోలా 2020లో తెచ్చిన పెట్టెలో 24 ఛాయలున్నాయి.

యూట్యూబ్‌లో పెడితే "పిల్లల కోసం" అని గుర్తు పెట్టాల్సిందే. అప్పుడు కామెంట్లు మూసుకుపోతాయి. అభిప్రాయాలు కావాలంటే లైబ్రరీ కౌంటర్ దగ్గర కాగితం ఫారం పెట్టండి.

చివరిగా, లైసెన్సు, అంటే మన వీడియోల్నీ పుస్తకాల్నీ ఎవరు ఎలా వాడుకోవచ్చన్న షరతులు. చిత్రకారుల ఒప్పందం మీద సంతకాలు పడకముందే అడగాలి. అందరూ పంచుకునేందుకు వాడే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో "ఎన్‌డీ" (మార్పులు చేయొద్దు) అన్న అక్షరాలుంటే అనువాదం చేసి పంచడానికి వీల్లేదు. తెలుగులోకి, స్పానిష్‌లోకి మార్చాలంటే మళ్ళీ ఒక్కొక్కరి అనుమతి వెతుక్కోవాలి. "సీసీ బై 4.0" అయితే చేసినవాళ్ళ పేరు చెప్పి ఎవరైనా మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ప్రథమ్ బుక్స్‌వాళ్ళు స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటుని 2015 నుంచి ఈ లైసెన్సు మీదే నడుపుతున్నారు, అక్కడ తెలుగు కథలూ ఉన్నాయి. అమ్మకం వద్దని సంస్థ పట్టుబడితే "ఎన్‌సీ" పెట్టుకోమనండి, "ఎన్‌డీ" మాత్రం వద్దు.