ఏడాదికోసారి ఇయర్‌బడ్స్ మార్చే ఖర్చు తగ్గేదెలా?

ప్రశ్న: నా వయసు 27. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మీటింగులు, ఆన్‌లైన్ క్లాసులు కలిపి రోజుకు దాదాపు 6 గంటలు చెవిలో ఏదో ఒకటి ఉండాల్సిందే. సాయంత్రం అరగంట నడకకూ వాడతాను. రెండేళ్లలో రెండు జతల చవక వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ అయిపోయాయి. మొదటి జతలో కుడి బడ్ గంటకే ఆగిపోయేది. రెండో జతలో ఒకటి ఎక్కడో పడిపోయింది. ఈసారి హెడ్‌ఫోన్స్ తీసుకుందామంటే ధర ఒకటిన్నర రెట్లు ఉంది. ఏది కొనమంటారు? వాయిదాల్లో తీసుకోవచ్చా?

జవాబు: మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే మీకు హెడ్‌ఫోన్సే సరిపోతాయి. ధర ఎక్కువన్న భయం ముందు తీసేద్దాం. మీ దగ్గర ఒక జత ఇయర్‌బడ్స్ సగటున ఏడాది పనిచేశాయి. హెడ్‌ఫోన్స్ ధర ఒకటిన్నర రెట్లు కాబట్టి, అవి ఏడాదిన్నర వస్తే ఖర్చు సమానం. ఆ పైన వచ్చే ప్రతి నెలా మీకు మిగులే. మరి అవి ఏడాదిన్నర దాటతాయా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు బ్యాటరీలో ఉంది.

రెండింట్లోనూ ఉండేది లిథియం అయాన్ బ్యాటరీయే. మామూలుగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా ఛార్జ్ అయి ఖాళీ అయ్యేసరికి దాని సామర్థ్యం 80 శాతం దగ్గరికి దిగుతుంది. ఇయర్‌బడ్ లోపలి బ్యాటరీ గోరంత. ఒక ఛార్జ్‌కి 5 గంటలు వస్తుందనుకోండి, మీ 6 గంటల వాడకానికి రోజూ ఒకసారికి పైగానే ఖాళీ అవుతుంది. అంటే ఏడాది తిరిగేలోపే 300 దాటేస్తారు. పెద్ద హెడ్‌ఫోన్స్ ఒక్క ఛార్జ్‌తో 40 గంటలు పనిచేస్తే మీకు వారానికి ఒక్కసారి ఛార్జింగ్ చాలు, ఏడాదికి 50 సార్లు. బ్యాటరీ అరిగేలోపు మడత దగ్గర ప్లాస్టిక్ విరగడమో, చెవి మెత్తలు పొట్టు రాలడమో జరగొచ్చు. మెత్తలు చాలా మోడళ్లకు విడిగా దొరుకుతాయి, మనమే మార్చుకోవచ్చు. బడ్ లోపలి బ్యాటరీని అలా మార్చే వీలు దాదాపు ఉండదు.

మీ కుడి బడ్ ముందే నీరసించిందన్నారు. ఫోన్ కాల్స్‌కి ఆ ఒక్కటే పెట్టుకునేవారేమో గుర్తు చేసుకోండి. ఎక్కువ వాడిన వైపు ముందు అరిగిపోతుంది. ఒకటి పోయినా, ఒకటి అరిగినా జత మొత్తం పోయినట్టే. నాకూ ఒకసారి బడ్ పోయింది. ఒక్కటే కొందామని అడిగితే చెప్పిన ధర కొత్త జతకు దగ్గరగా ఉంది. ఆ రోజు నుంచి ఇలాంటి వస్తువుల ధరలో 'పోగొట్టుకునే ఖర్చు' కూడా కలిపి చూస్తున్నాను. తలకు పెట్టుకునే హెడ్‌ఫోన్స్‌ని పోగొట్టుకోవడం అంత తేలిక కాదు.

అట్ట మీద రాసే అంకెల్ని జాగ్రత్తగా చదవండి. ఇయర్‌బడ్స్ పెట్టె మీద '40 గంటలు' అని ఉంటే అది సాధారణంగా కేస్‌లోని ఛార్జ్‌ని కూడా కలిపి చెప్పే లెక్క. మీకు కావాల్సింది బడ్స్ ఒక్క ఛార్జ్‌కి ఎంతసేపు వస్తాయన్నది. అలాగే ఏఎన్‌సీ, ఈఎన్‌సీ ఒకటి కాదు. ఏఎన్‌సీ మీ చెవికి వచ్చే ఫ్యాన్ హోరు లాంటి శబ్దాన్ని తగ్గిస్తుంది. ఈఎన్‌సీ మీ మైక్‌లో పడే శబ్దాన్ని తగ్గిస్తుంది, దాని ఉపయోగం అవతలివాళ్లకే. తక్కువ ధర వాటిలో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే. అది చూసి ఇల్లు నిశ్శబ్దమైపోతుందని కొంటే నిరాశే.

మీకు పనికొచ్చేవి ఇంకో రెండున్నాయి. ఒకటి, ఫోన్‌కీ ల్యాప్‌టాప్‌కీ ఒకేసారి కలిసే మల్టీపాయింట్ సదుపాయం. రెండోది, 3.5 మిల్లీమీటర్ల జాక్. ఛార్జ్ అయిపోయినా తీగ పెట్టుకుని క్లాసు వినొచ్చు. తీగతో ఉన్నప్పుడు మైక్ కూడా పనిచేస్తుందా అన్నది మాత్రం కొనేముందే కనుక్కోండి, చాలావాటిలో పనిచేయదు.

నడక సంగతంటారా? పాత తీగ ఇయర్‌ఫోన్స్ ఇంట్లో ఉంటే, ఫోన్‌కి పడితే, అరగంటకి అవి చాలు. అదే మీరు రోజూ గంటల తరబడి వ్యాయామం చేసేవారో, ప్రయాణాల్లో ఉండేవారో అయితే నా సలహా మారేది. చెమటకి, జేబులో పెట్టుకు తిరగడానికి ఇయర్‌బడ్సే నయం. అప్పుడు కనీసం ఐపీఎక్స్4 రేటింగ్, అంటే ఏ వైపు నుంచి నీటి చుక్కలు చిందినా తట్టుకునేది చూసుకోమనేవాణ్ని.

ఇక వాయిదాలు. వద్దు. మీ వాడకానికి ఏడాదిలో అరిగిపోయే ఇయర్‌బడ్స్ లాంటి వస్తువు మీద ఏడాది వాయిదా పెట్టుకుంటే, వస్తువు పాడయ్యే రోజుకి అప్పు కూడా అప్పుడే తీరుతుంది, మళ్లీ కొత్త వాయిదా మొదలు. మీరు రెండేళ్లుగా దాదాపు ఈ చక్రంలోనే ఉన్నారు. ఒకటి రెండు నెలలు పాత జతతోనో, తీగతోనో నెట్టుకురండి. ఆ డబ్బు విడిగా పెట్టి ఒకేసారి కట్టేయండి. కొన్న నెల నుంచే ఆ ధరలో 24వ వంతు ప్రతి నెలా పక్కన వేయండి. రెండేళ్లకు కొత్తది కావాలంటే డబ్బు సిద్ధంగా ఉంటుంది. అవసరం పడకపోతే ఆ మొత్తం మీ అత్యవసర నిధిలోకి వెళ్తుంది. అదనపు వారంటీకి కూడా డబ్బు పెట్టకండి. బ్యాటరీ అరుగుదల, పోగొట్టుకోవడం సాధారణంగా దానిలోకి రావు.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి. మీ వాడకం ఇప్పటికే ఆ గంటల దగ్గర ఉంది. కాబట్టి శబ్దం తగ్గించుకోవాలి. చెవిని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ బయటి శబ్దాన్ని కొంత ఆపుతాయి, అందుకే తక్కువ వాల్యూమ్‌తో సరిపెట్టుకోవచ్చు.

కొన్నాక వాపసు గడువు దాటకముందే రెండు గంటలు తీయకుండా పెట్టుకుని చూడండి. కళ్లద్దాలుంటే వాటితోనే. కణతల దగ్గర నొక్కుతున్నా, చెవులు ఉక్కపోసినా సర్దుకుపోవద్దు, తిరిగి ఇచ్చేయండి. మైక్ ఎలా ఉందో ఆఫీసు మీటింగ్‌లో కాకుండా ముందే ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి అడగండి.